న్యాయవాద పరీక్ష – కాలదారిద్ర్యము

దారిద్ర్యములు పెక్కు తెఱగులు. ధనము లేమి యొకటి. విద్య లేమి యొకటి. ఆరోగ్యము లేమి యొకటి. వీనినెల్ల లోక మెఱుగును; వీనికి తగిన మందును వెదకుచునే యున్నది. వీనితో సమానమైన దారిద్ర్యము మఱియొకటి కలదు. దానిని మాత్రము ఎవ్వరును లెక్కకు తీసికొనరు. అది కాలము లేమి. చేయవలసిన పని యెదుట నుండగా, చేయు బుద్ధియు శక్తియు నుండగా, దానికి వలయు గంటలు తన చేతిలో లేకుండుటయే యీ దారిద్ర్యము. దీని స్వరూపమును చూడగోరువారు న్యాయశాస్త్ర పట్టము పుచ్చుకొని, వృత్తి పరీక్షలకు చదువుకొనుచున్న మన యువకుల దినచర్యను చూచిన చాలును.

మన పెద్దలు నేటికిని మునసబు కోర్టని పిలుచు జూనియరు సివిలు జడ్జి కోర్టు ఉన్న ఏ పట్టణమునకైనను సాయంత్రము 5 గంటలకు పోయి చూడుడు. కక్షిదారులు బస్సులకొఱకు పరుగెత్తుచుందురు. గుమాస్తాలు కాగితముల కట్టలు కట్టుచుందురు. సన్నదు పుచ్చుకొని యేడాదియో రెండేండ్లో యైన యువకుడు నల్లకోటు విప్పి చేతిపై వేసికొని, ఇంటికి గాక, తన సీనియరు ఆఫీసునకు నడచుచుండును. అచట మఱునాటి వాయిదాల పట్టిక వ్రాయవలెను. కౌంటరు ముసాయిదా సిద్ధము చేయవలెను. నకళ్ళ దరఖాస్తులు చూడవలెను. దూరమునుండి వచ్చిన కక్షిదారునకు ఓదార్పు చెప్పవలెను. రాత్రి 9 గంటలు దాటిన పిమ్మట గది చేరి, భోజనమైన దనిపించుకొని, పుస్తకము తెఱచును. పగలు కక్షిదారునిది; సాయంకాలము సీనియరుది; నిద్రచేత సగము హరింపబడిన రాత్రి మాత్రమే తనది. ఆ మిగిలిన రాత్రితో నతడు పరీక్షకు సిద్ధము కావలెను.

ఆ పరీక్షలు ఎట్టివో పాఠకులు తెలిసికొనుట యవసరము. మూడేండ్లో అయిదేండ్లో చదివి పట్టము పొందినంతమాత్రమున నేడు వృత్తి స్థిరపడదు. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము ననుసరించి రాష్ట్ర బారు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొనవలెను. అంతటితో సరికాదు. భారత బారు కౌన్సిలు వారు జరుపు అఖిలభారత బారు పరీక్షలో ఉత్తీర్ణత పొందవలెను. ఈ పరీక్ష మొదటిసారిగా 2011 మార్చి 6వ తేదీన జరిగినది. ప్రశ్నలు 100. తెలుగుతో సహా పలు భాషలలో వ్రాయవచ్చును. మొదటి సంవత్సరములలో పుస్తకములు చూచి వ్రాయుట కనుమతి యుండెడిది. 2021 నుండి వ్యాఖ్యానములు లేని చట్టముల మూలప్రతులు తప్ప వేఱు పుస్తకములు కూడవని నిర్ణయించిరి. పిమ్మట ఉత్తీర్ణతకు వలయు మార్కులును 40 నుండి 45కు పెరిగినవి. షెడ్యూల్డు కులములు, తెగలవారికి 35 నుండి 40కి పెరిగినవి. బారు కౌన్సిలున కిట్టి పరీక్ష పెట్టు నధికారము కలదా యన్న వివాదమును సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2023 ఫిబ్రవరి 10వ తేదీన పరిష్కరించి, అధికారము కలదని చెప్పినది.

ఇది గడప మాత్రమే. న్యాయాధిపతి కాదలచినవాడు వేఱొక కొండ నెక్కవలెను. వడపోత పరీక్ష, వ్రాతపరీక్ష, మౌఖిక పరీక్ష యను మూడు మెట్లు దాటవలెను. ఈ మార్గమున 2025 మే 20వ తేదీన సుప్రీంకోర్టు గొప్ప మార్పు తెచ్చెను. కనీసము మూడు సంవత్సరములు న్యాయవాదిగా పనిచేసినవారే జూనియరు సివిలు జడ్జి యుద్యోగమునకు దరఖాస్తు చేసికొనవలెనని యా తీర్పు. ఈ నియమము పూర్వము కలదు. న్యాయమూర్తి జగన్నాథశెట్టి సంఘము సిఫారసుపై 2002లో దానిని తొలగించిరి. ఇరువది సంవత్సరముల యనుభవము తరువాత తిరిగి తెచ్చిరి. కోర్టుహాలులో నిలువబడి వాదింపనివాడు పీఠముపై గూర్చుండి యితరుల వాదమును తూచుట కష్టమన్న హేతువును మేము కాదనము. కాని యీ మూడు సంవత్సరములు ఎవరి యన్నము తిని గడుపవలె నన్న ప్రశ్నకు తీర్పు కాగితముపై సమాధానము దొరకదు. అది మన యిండ్లలో దొరకవలెను.

చదువవలసిన దైనను నిలుకడగా నున్నదా? అదియు లేదు. 2024 జులై 1వ తేదీనుండి మూడు ప్రధానమైన చట్టములు మాఱినవి. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతి 511 సెక్షన్ల గ్రంథము. దాని స్థానమున 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చినది. 1973వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడునకు మాఱుగా 531 సెక్షన్ల నాగరిక సురక్షా సంహితయు, 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టమునకు మాఱుగా 170 సెక్షన్ల సాక్ష్య అధినియమమును అమలులోనికి వచ్చినవి. సంఖ్యలు మాఱుట స్వల్పవిషయమని తలపరాదు. 144వ సెక్షనన్నంతనే మన దేశమున పసివానికిని సభా నిషేధము స్మరణకు వచ్చును. నేడు ఆ యధికారము 163వ సెక్షనునకు పోయినది. క్రొత్త 144వ సెక్షను భార్యాబిడ్డల, తల్లిదండ్రుల పోషణభరణమునకు సంబంధించినది. హత్యకు శిక్ష చెప్పిన 302 నేడు 103 అయినది. క్రొత్త సంహితలోని 302 మతభావములను గాయపఱచు మాటల విషయము. మోసగానికి తెలుగువారు పెట్టిన ముద్దుపేరు 420; క్రొత్త సంహితలో ఆ సంఖ్యయే లేదు. మోసము 318వ సెక్షను క్రిందికి చేరినది. 2024 జులై 1కి పూర్వము జరిగిన నేరములను పాత శిక్షాస్మృతి ప్రకారమే విచారింపవలసి యుండుటచే, నేటి విద్యార్థి పాతదానిని మఱువరాదు, క్రొత్తదానిని విడువరాదు. ఒకే కాలములో రెండు చదువులు!

ఇక నింటి సంగతి. గ్రామమున కొలదిపాటి భూమి యున్న కుటుంబములో న్యాయశాస్త్రము చదివిన పిల్లవాడు ఉన్నాడనగానే బంధుజనమునకెల్ల నతడు జీతములేని వకీలు. పినతండ్రి పాసుపుస్తకములో తప్పు పడినది. తహసీలుదారు ఆఫీసునకు నీవు రావలెను. మేనత్త కొన్న స్థలమునకు హద్దుల తగవు వచ్చినది. దస్తావేజు నీవు చదివి చెప్పవలెను. నాట్లకు కూలీలు దొరకలేదు. రెండుదినము లుండి పొమ్ము. తండ్రికి గుండెపరీక్ష, ఆసుపత్రిలో తోడుండవలెను. చెల్లెలికి సంబంధము, మాటలకు పెద్దకొడుకు లేకున్న నెట్లు? వీనిలో నొక్కటియు కాదనదగినది కాదు. అన్నియు ధర్మములే. కాని యన్ని ధర్మములకును చెల్లింపబడు పన్ను ఆ యొక్క రాత్రి గంటలనుండియే వసూలగుచున్నది. సంవత్సరాంతమున ఫలితములు వచ్చినప్పుడు, పని చేయించుకొన్న బంధువులే ముందుగా నడుగుదురు: “అబ్బాయి, ఈసారియు పోయినదా?”

ఇందుకు కొందఱు పెద్దలు ఒక ప్రత్యుత్తర మిత్తురు. “మహాపురుషులు కష్టములు పడలేదా? తిరువారూరు ముత్తుస్వామి అయ్యరు వీథిదీపముక్రింద చదివి హైకోర్టు న్యాయమూర్తి కాలేదా?” అని. అయిరి, సత్యము. సర్కారు జిల్లాల యప్పీళ్ళు 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలయువఱకు ఏ హైకోర్టునకు పోయెడివో, ఆ మద్రాసు హైకోర్టునకు ఆయన మొదటి భారతీయ న్యాయమూర్తి. కాని వీథిదీపము కథను చెప్పువారు ఆ కథలోని తక్కిన భాగమును విడిచిపెట్టుదురు. బాల్యమున గ్రామలెక్కల పనిలో స్వల్పజీతమునకు కుదిరిన యా బాలుని తెలివిని ఒక తహసీలుదారు కనిపెట్టి, పనినుండి తప్పించి, చదువునకు పంపెను. దీపము వీథిది కావచ్చును. దానిక్రింద గూర్చుండుటకు వలసిన కాలము నొక సహృదయు డిచ్చినది.

మన టంగుటూరి ప్రకాశంపంతులుగారి చరిత్రయు నిట్టిదే. 1872లో జన్మించి, చిన్ననాడే తండ్రిని గోలుపోయిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి పిల్లలను పెంచిరి. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారను ఉపాధ్యాయుడు ఆయనను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి చదివించిరి. ద్వితీయశ్రేణి ప్లీడరుగా రాజమహేంద్రవరమున ప్రసిద్ధి గాంచిరి. కాని యా శ్రేణి ప్లీడరునకు హైకోర్టు ద్వారము మూయబడియుండెను. వృత్తి సాగుచుండగా, సంసారము నడచుచుండగా, 1904లో ఇంగ్లండునకు బోయి, బారిష్టరు పరీక్ష ముగించుకొని 1907లో మద్రాసున ప్రాక్టీసు ప్రారంభించిరి. ముప్పదియేండ్లు దాటిన గృహస్థు మరల విద్యార్థి యగుట కెంత సాహసము వలయునో చెప్ప నక్కరలేదు. అయినను ఆ సాహసమునకు పునాది పూటకూళ్ళ యింటి పొయ్యియొద్ద నొక తల్లి వెచ్చించిన యుదయములును, సాయంకాలములును గదా!

గాంధీమహాత్ముని లండను చదువును చూడుడు. ఆనాడు బారిష్టరు పరీక్ష కఠినమైనది కాదు. కొన్ని వారములు సంక్షేపగ్రంథములు తిరుగవేసి రోమను న్యాయమును, రెండు మూడు నెలలలో ఇంగ్లీషు న్యాయమును ముగించువారే యధికులని ఆయనయే తన యాత్మకథలో వ్రాసికొనిరి. ఆయన మాత్రము మూలగ్రంథములను చదువ నిశ్చయించి, రోమను న్యాయమును లాటిను భాషలోనే చదివి, ఇంగ్లీషు కామనులాకు తొమ్మిది నెలలు వెచ్చించిరి. అంతకుముందు లండను మెట్రిక్యులేషనులో లాటినునందు ఒకసారి తప్పిరి; మరల చదివి నెగ్గిరి. 1891 జూను 10న బారిష్టరై, 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకొని, 12న స్వదేశమునకు ఓడ యెక్కిరి. ఆ తొమ్మిది నెలల తీరిక ఎవరిది? ఇంటి భారమును, ఖర్చును రాజకోటలో నన్నగారు మోయుచుండిరి. తల్లి మరణించిన వార్తను సైతము ఆయన తిరిగివచ్చువఱకు తెలియనీయలేదు. ఆ దాపఱికము తగునా తగదా యన్నది వేఱు విషయము. ఒకని చదువును కాపాడుటకు ఒక యిల్లు ఎంతవఱకు పోయినదో దానివలన తెలియును.

కావున మహాపురుషుల కథలు మన యువకులపై విసరుటకు రాళ్ళు కావు. ఎవరు వారికి కాలమును దానము చేసిరో తెలిసికొనుటకు అవి సాక్ష్యములు.

పురుషునికే యిట్లుండగా స్త్రీ మాట యేమి? కార్నీలియా సొరాబ్జీ 1892లో ఆక్సుఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసిన మొదటి స్త్రీ. ఆ పరీక్షకు తగిన పట్టమును విశ్వవిద్యాలయ మామె కిచ్చినది 1922లో! స్వదేశమున 1897లో బొంబాయి యల్.యల్.బి. పరీక్షయు, 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్షయు నెగ్గినను, స్త్రీలకు వృత్తి ద్వారమును తెఱచిన 1923వ సంవత్సరపు శాసనము వచ్చువఱకు వేచియుండవలసివచ్చెను. శాసనము తెఱచిన ద్వారమును నేడు వంటయిల్లు మూయుచున్నది. పగలు కోర్టునకు పోయివచ్చిన కోడలు రాత్రి పుస్తకము తెఱచునప్పటికి బిడ్డ యేడ్చును. మామగారికి మందు వేళ యగును. మఱునాటి టిఫిను డబ్బాలకు పప్పు నానవేయవలెను. కొడుకు పరీక్షకు చదువునప్పుడు ఇల్లంతయు గొంతు తగ్గించి మాటాడును. కోడలు చదువునప్పుడు గొంతు తగ్గించు నిండ్లు ఎన్ని యున్నవో ప్రతి పాఠకుడును తన యింటిని చూచుకొని చెప్పవలెను.

ధనముతో కొంత కాలమును కొనవచ్చును. కావుననే యీ ప్రశ్నలో జీతము మాట ముఖ్యమైనది. చేరికనాడు రాష్ట్ర బారు కౌన్సిళ్ళు వసూలుచేయుచుండిన పెద్ద రుసుములను సుప్రీంకోర్టు 2024 జులై 30న కొట్టివేసి, చట్టములో చెప్పిన 750 రూపాయలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారి విషయమున 125 రూపాయలకును మించి తీసికొనరాదని చెప్పినది. అదే సంవత్సరము అక్టోబరులో భారత బారు కౌన్సిలు వారు జూనియర్లకు నెలకు పట్టణములలో 20,000, గ్రామప్రాంతములలో 15,000 రూపాయలు తక్కువ కాకుండ నీయవలసినదని సీనియర్లకు సిఫారసు చేసిరి. ఆంధ్రప్రదేశమున 2019 డిసెంబరులో జూనియరు న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల సహాయ పథక మొకటి ప్రారంభమైనది. ఇవి మంచి ప్రయత్నములు. కాని సిఫారసు సిఫారసే. అది శాసనము కాదు. సీనియరు ఇచ్చిన నిచ్చును, లేకున్న లేదు. చిన్నపట్టణములలో సీనియర్ల యాదాయమే యంతంత మాత్రమన్నదియు నిజమే. అయినను దినమంతయు పనిచేసినవానికి బస్సుచార్జీ కూడ నీయక “నేర్చుకొనుచున్నాడు గదా” యనుట న్యాయవృత్తికి శోభ నిచ్చు మాట కాదు. ఇతరుల కూలి బాకీలకు దావాలు వేయువారు తమ గదిలోని కూలిని మఱువరాదు.

పరీక్షార్థులకును రెండు మాటలు చెప్పవలెను. తీరిక వచ్చినపిమ్మట చదువుదమను వానికి తీరిక రాదు. మిగిలిన గంటను చదువునకిచ్చుట కంటె, ముందుగా నొక గంటను చదువునకు కేటాయించి, మిగిలినదానిని లోకమున కిచ్చుట మేలు. అలసిన రాత్రి మూడుగంటల కంటె తెల్లవారుజామున నొక గంట ఫలవంతము. రెండవది: కోర్టును చదువునకు విరోధిగా చూడవలదు. నేడు వాయిదా కోరితివా? ఆ రాత్రి సివిలు ప్రొసీజరు కోడులో 17వ ఆర్డరు చదువుము. కక్షిదారుడు రాక దావా కొట్టివేయబడినదా? 9వ ఆర్డరు తెఱువుము. తాత్కాలిక నిషేధాజ్ఞపై వాదములు వింటివా? 39వ ఆర్డరు చూడుము. 158 సెక్షన్లు, 51 ఆర్డర్లు గల యా మహాగ్రంథము కంఠస్థము చేయువానికి సముద్రము. దినమున కొక వాయిదాతో ముడిపెట్టి చదువువానికి ఏడాదిలో దాటదగిన యేఱు. మూలచట్టమును విడిచి ప్రశ్నోత్తర సంగ్రహములను నమ్ముకొనువాడు, మూలప్రతి మాత్రమే చేతికిచ్చు పరీక్షాశాలలో దిక్కుతోచక కూర్చుండును. ఇక, తప్పుట నేరము కాదు. ఎందుకు తప్పితినో విచారింపకుండ మరల దరఖాస్తు పెట్టుటయే నేరము.

ఇప్పుడు గృహస్థులైన పాఠకులకు మా విన్నపము. మీ యింట నిట్టి విద్యార్థి యున్నచో, డబ్బు పంపుటతో మీ బాధ్యత తీరినదని తలపకుడు. దినమునకు రెండు గంటలు అతనివని, ఆమెవని నిశ్చయించి, ఆ గంటలలో పిలువకుడు. తహసీలుదారు ఆఫీసు పనికి మీరు పోగలిగినచో మీరే పొండు. పరీక్షకు ముందు రెండు నెలలు పొలము పనులును, పెండ్లి పెత్తనములును అతని తలపై పెట్టకుడు. బారు అసోసియేషను పెద్దలు గ్రంథాలయమును కోర్టు వేళలకే గాక రాత్రి 9 గంటలవఱకు తెఱచియుంచినచో, ఇరుకు గదులలో చదువువారి కది జీతముకంటె గొప్ప సహాయము. సీనియర్లు వారమున నొక సాయంకాలము జూనియరును విడిచిపెట్టినచో వారి కక్షిదారులకు వచ్చు నష్ట మేమియు లేదు.

ఇదంతయు ఒక కుటుంబమునందలి యొక పిల్లవాని క్షేమమునకే యని తలచినచో పొరబాటు. నేడు రాత్రి నిద్ర నాపుకొని సాక్ష్యచట్టము చదువుచున్న యువకుడు పదేండ్లకు మీ పొలము హద్దుల దావాలో వాదించువాడో, తీర్పు చెప్పువాడో కాగలడు. తీరిక కలవారి బిడ్డలే ఆ పీఠమును చేరగలిగినచో, తీరిక లేనివాని కష్టము నెఱిగినవాడు అచట నుండడు. కూలికి పోవలసిన దినమున వాయిదాకు వచ్చి, మరల వాయిదా వేయించుకొని, వట్టిచేతులతో నింటికి బోవు కక్షిదారునకు ఆ దినము విలువ యెంతయో ఆ న్యాయాధిపతికి తెలియదు. కాలదారిద్ర్యమును అనుభవించి దాటివచ్చినవానికి అది తెలియును. అట్టివాడు దానిని దాటి రాగలుగునట్లు ఆ రెండు గంటలను మన మీయవలెను.